కంపైలర్‌ని సిస్టమ్ పాత్‌లో పెట్టకండి మహాప్రభో!

"పాత్‌లో పెట్టేయ్, అయిపోద్ది!" ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకి సీనియర్లిచ్చే మొట్టమొదటి ఉచిత సలహా ఇదే. ఒక్క కంపైలర్ ఉన్నన్నాళ్ళూ బానే ఉంటుంది. రెండోది వచ్చిందా, ఇక ఒకే ఒరలో రెండు కత్తులే.

పాత్ అంటే వరస. ముందున్న ఫోల్డర్లో దొరికితే వెనకున్నదాన్ని అడిగేవాడే ఉండడు. విండోస్‌లో సిస్టమ్ పాత్ ముందు, యూజర్ పాత్ తర్వాత. మీరెంత సర్దుకున్నా, ఏదో ఇన్‌స్టాలర్ సిస్టమ్ పాత్‌లో దూర్చిందే గెలుస్తుంది. పోనీ సెటెక్స్ కమాండ్‌తో మారుద్దామా అంటే, అది 1024 అక్షరాల దగ్గర కత్తిరించేస్తుంది. మిగతా పాత్ గోవిందా!

ఉదాహరణకి, విజువల్ సీ ప్లస్ ప్లస్‌లో లింకర్ పేరు 'లింక్'. సిగ్విన్‌లోనూ 'లింక్' ఉంది, కానీ అది ఫైళ్ళకి హార్డ్ లింకులు పెట్టేది. ఇది ముందుంటే కంపైల్ శుభ్రంగా అవుతుంది, లింకింగ్ దగ్గర అర్థంపర్థం లేని ఎర్రరొస్తుంది. కుర్రాడు తప్పు తన కోడ్‌లో ఉందనుకుని రాత్రంతా వెతుక్కుంటాడు.

ఎర్రరొస్తే నయమే. చప్పుడు చెయ్యకుండా వేరే వెర్షన్‌తో బిల్డ్ అయిపోతేనే అసలు ప్రమాదం. మనం టెస్ట్ చేసింది ఒకటి, కస్టమర్‌కి పంపింది ఇంకోటి. "నా మెషిన్లో పనిచేస్తోందే" అన్న మాట పుట్టేది ఇక్కడే.

అసలు ఎన్విరాన్‌మెంట్ అనేది కంప్యూటర్ మొత్తానికి ఒకటి కాదు, ప్రతి ప్రాసెస్‌కీ ఎవరిది వారిదే. తల్లి దగ్గర్నుంచి పిల్లకి కాపీ వెళ్తుంది. 1979 నాటి యూనిక్స్ ఏడో వెర్షన్ నుంచీ ఇంతే. విజువల్ స్టూడియోతో వచ్చే బ్యాచ్ ఫైల్ కూడా పాత్, ఇన్‌క్లూడ్, లిబ్‌లను ఆ ఒక్క కమాండ్ విండోకే మారుస్తుంది. సూపర్ కంప్యూటర్ల దగ్గర 'మాడ్యూల్ లోడ్' అని కొట్టి కావలసిన కంపైలర్ తెచ్చుకోవడం ఏళ్ళనాటి అలవాటు. మనకే ఎందుకో బద్ధకం!

చెయ్యాల్సింది చిన్న పని. ప్రాజెక్టుకో స్క్రిప్టు రాసి, సోర్స్‌తో పాటే చెకిన్ చెయ్యండి. బిల్డ్ సర్వర్ కూడా అదే నడపాలి. "ప్రతిసారీ ఎవడు కొడతాడండీ?" అంటారా? అదే విండోలోంచి ఎడిటర్ తెరవండి, సెట్టింగులు దానికీ వస్తాయి. సీమేక్ వాడేవాళ్ళు మాత్రం కంపైలర్ మారిస్తే కొత్త బిల్డ్ ఫోల్డర్ పెట్టుకోండి, అది మొదట చూసిన కంపైలర్నే గుర్తుపెట్టుకుంటుంది.

ఏ కంపైలర్ వాడాలన్నది ప్రాజెక్టు తేల్చాలి, మెషిన్ కాదు. నమ్మకం లేకపోతే కమాండ్ ప్రాంప్ట్‌లో 'వేర్ జీసీసీ' కొట్టి చూడండి. రెండు లైన్లొచ్చాయా, మీ బిల్డ్ దైవాధీనమే!