వ్యయమే యోగ్యతయా?

2022 మార్చిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము, నాయికానాయకుల, దర్శకుని పారితోషికములు గాక నూరుకోట్ల రూపాయలకు మించి వ్యయమైన చిత్రములకు తొలి పదిదినములు టిక్కెట్టు ధర పెంచుకొన ననుమతించెను. ఎరువులకు హెచ్చుగా వెచ్చించిన రైతునకు ధాన్యపు ధర హెచ్చునా? నిర్మాత సాహసమునకు మాత్రము ప్రేక్షకుని జేబు హామీ యేల? పెంచిన ధర చెల్లించి కుటుంబసమేతముగా పెద్దచిత్రమును జూచిన గృహస్థు, మరుసటివారము చిన్నచిత్రమునకు పోజాలడు. చిన్నచిత్రమునకు ప్రకటనల బలము లేదు. చూచినవారి నోటిమాటయే దాని పెట్టుబడి. ఆ మాట ఊరంతయు ప్రాకుటకు వ్యవధి కావలెను. 2016 నాటి ‘పెళ్లిచూపులు’ అట్లే ఆదరము బడసెను. పెద్దచిత్రమునకు ధర పెంచుకొన ననుమతించు ప్రభుత్వము, చిన్నచిత్రమునకు రెండవవారమైనను తెర దక్కునట్లు కట్టడి చేయవలెను.