మూడో తీగే ముఖ్యం

కొత్త ఫ్లాటు. గృహప్రవేశమై నెల కూడా తిరగలేదు. వంటింట్లో స్టీలు చిమ్నీ తళతళలాడుతోంది. మా పెద్దమ్మ కూతురు ఆ రోజు మజ్జిగ మిరపకాయలు వేయిస్తోంది. ఘాటుకి ఇంటిల్లిపాదీ దగ్గుతుంటే, గిన్నె కడుగుతున్న చేత్తోనే గబుక్కున చిమ్నీ బటన్ నొక్కబోయింది. వేలు స్టీలు అంచుకి తగిలిందో లేదో, మోచేతి దాకా జివ్వుమంది. ‘తడిచెయ్యి కదా, అంతే’ అని బావగారు సర్దిచెప్పారు. మూడోనాడు చిమ్నీ తుడుస్తున్న పనమ్మాయికీ అదే అనుభవం. అప్పుడు పిలిచారు ఎలక్ట్రీషియన్ని.

అతను చిమ్నీ జోలికి పోకుండా ముందు ప్లగ్గు విప్పాడు. లోపల ఉండాల్సినవి మూడు తీగలు. బిగించినవి రెండే. పచ్చ మీద పసుపు చారలున్న మూడోదాన్ని కత్తిరించి, కొసకి టేపు చుట్టేశారు. చిమ్నీ అమర్చిన కుర్రాడు వెళ్తూ వెళ్తూ ‘ఇది లేకపోయినా నడుస్తుందమ్మా’ అన్న సంగతి మా అక్కకి అప్పుడు గుర్తొచ్చింది.

చిక్కంతా ఆ మాటలోనే ఉంది. నిజమే, నడుస్తుంది. ఫ్యాను తిరుగుతుంది, దీపం వెలుగుతుంది, పొగ పోతుంది. మూడో తీగ లేని లోటు ఏళ్ల తరబడి తెలియదు. తెలిసేనాటికి ఎవరో ఒకరి చెయ్యి చిమ్నీ మీద ఉంటుంది.

ఆ తీగ చేసే పనేంటి?

ఫేజ్ తీగ కరెంటుని తెస్తుంది. న్యూట్రల్ తిరిగి తీసుకెళ్తుంది. మూడోదైన ఎర్త్ తీగ మామూలు రోజుల్లో ఏ పనీ చేయదు. లోపల తీగ ఒరుసుకుపోయో, నూనెజిడ్డు, తడి చేరో ఫేజ్ కరెంటు స్టీలు తొడుగుకి తగిలినప్పుడే దాని అవసరం. ఎర్త్ ఉంటే ఆ కరెంటు భూమిలోకి దారి చూసుకుంటుంది. లేకపోతే తాకిన మనిషే దానికి దారి. అందుకే మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను మిగతా రెంటికన్నా లావుగా, పొడుగ్గా ఉంటుంది. ప్లగ్గు పెట్టేటప్పుడు అందరికన్నా ముందు తగలాలి, తీసేటప్పుడు ఆఖర్న వదలాలి.

‘మా ఇంట్లో ఎంసీబీలు ఉన్నాయి, భయం లేదు’ అంటారు చాలామంది. ఎంసీబీ పని వైరింగు కాలిపోకుండా చూడటం. 6 ఆంపియర్ల ఎంసీబీ అంతకు మించి కరెంటు లాగితేనే పడుతుంది. మనిషి విషయంలో లెక్క వేరు. ఒంట్లోంచి సుమారు 10 మిల్లీ ఆంపియర్లు, అంటే ఆంపియరులో నూరో వంతు పారితే చాలు, కండరాలు బిగుసుకుపోయి పట్టుకున్నది వదల్లేం. అంతకన్నా పెరిగి కాసేపు సాగితే గుండె లయే తప్పుతుంది. ఎంసీబీకి అది లెక్కలోకే రాదు.

ఆ లెక్క చూసేది ఆర్‌సీసీబీ. పాతవాళ్లు ఈఎల్‌సీబీ అంటారు. ఫేజ్‌లో వెళ్లిన కరెంటంతా న్యూట్రల్‌లో తిరిగొస్తోందా లేదా అని ఇది అనుక్షణం సరిచూస్తుంది. తేడా వచ్చిందంటే ఎక్కడో కారుతున్నట్టే. వెంటనే సరఫరా ఆపేస్తుంది. ఇళ్లలో మనుషుల రక్షణకి 30 మిల్లీ ఆంపియర్లది పెట్టించుకోవాలి. దాని మీద ‘టెస్ట్’ అని చిన్న మీట ఉంటుంది. నెలకోసారి నొక్కండి. టక్కున పడాలి. పడలేదంటే అది అలంకారానికే ఉన్నట్టు. అలాగని ఆర్‌సీసీబీ ఉందిగా, ఎర్త్ ఎందుకనుకోవద్దు. ఎర్త్ ఉంటే లోపం వచ్చిన వెంటనే కరెంటు ఆగిపోతుంది. లేకపోతే మనిషికి షాక్ తగిలాకే ఆగుతుంది. రెండూ ఉండాలి.

పాయింటు ఎక్కడ, ఎలా?

చిమ్నీ లాగే కరెంటు పెద్దదేమీ కాదు. వెనకాల అంటించిన రేకు మీద వాట్లు రాసి ఉంటాయి. వాటిని 230తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 200 వాట్లదైతే ఒక ఆంపియరు కూడా లాగదు. వేడిచేసి తనంతట తాను శుభ్రం చేసుకునే రకాలకి ఇంకాస్త ఎక్కువ ఉండొచ్చు కనుక ఆ రేకు చూసే నిర్ణయించండి. మామూలుగా 6 ఆంపియర్ల మూడు పిన్నుల సాకెట్టు చాలు. కావలసింది పెద్ద సాకెట్టు కాదు, సరైన సాకెట్టు.

అది చిమ్నీకి పక్కగా, పైన ఉండాలి. పొయ్యికి నేరుగా పైన వద్దు, సింకు దగ్గర అసలే వద్దు. తీగ మంట మీదుగా వేలాడకూడదు. పొగగొట్టాన్ని ఆనుకునీ పోకూడదు. స్విచ్ మాత్రం చేతికి అందేచోట, పొయ్యి మీదుగా వంగే పని లేకుండా పెట్టించండి. ప్లగ్గు చిమ్నీ తొడుగు వెనక దాక్కుని ఉంటే ఈ స్విచ్ మరీ అవసరం. మిక్సీ, ఓవెన్, చిమ్నీ అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి తగిలించడం వంటింట్లో పనికిరాదు. జిడ్డు పట్టి, వదులై, వేడెక్కి ముందు కాలేది ఆ బోర్డే.

పని జరుగుతున్నప్పుడు పక్కన నిలబడి ఈ నాలుగూ అడగండి.

ఒకటి, గోడకి రంధ్రాలు వేసేముందు లోపల వైర్లు ఎటు పోతున్నాయో చూశారా? స్విచ్‌బోర్డుకి నిట్టనిలువుగా పైనా కిందా సాధారణంగా పైపు ఉంటుంది. డ్రిల్లు దానిలోకి దిగితే ముప్పే.

రెండు, సాకెట్టు దాకా ఎర్త్ తీగ నిజంగా వచ్చిందా? మూడు రంధ్రాలున్నంత మాత్రాన మూడు తీగలు ఉన్నట్టు కాదు. ఎలక్ట్రీషియన్ చేత పరీక్ష చేయించి చూపించమనండి.

మూడు, ఎర్త్ లేదని న్యూట్రల్‌నే ఎర్త్ రంధ్రానికి కలిపారా? ఇది అన్నిటికన్నా చెడ్డ అలవాటు. ఎక్కడైనా న్యూట్రల్ ఊడిందంటే చిమ్నీ ఒళ్లంతా ఫేజే. ఏ లోపమూ లేని చిమ్నీ కూడా షాక్ కొడుతుంది.

నాలుగు, స్విచ్ ఫేజ్ మీద ఉందా? స్విచ్ ఆపాక సాకెట్టులో టెస్టరు వెలగకూడదు. వెలిగితే స్విచ్ న్యూట్రల్ మీద ఉన్నట్టు. ఫ్యాను ఆగినా లోపల కరెంటు ఉంటుంది.

ఈ పనులేవీ ఇంట్లోవాళ్లు సొంతంగా చేసేవి కావు. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తోనే, మెయిన్ ఆపి చేయించాలి. మనం చేయాల్సింది అడగడం, చూడటం.

పాత ఇళ్లలో, అద్దె ఇళ్లలో ఎర్తే ఉండకపోవచ్చు. ఇంటివారితో మాట్లాడి మెయిన్ నుంచి వంటింటి దాకా ఎర్త్ తీగ లాగించండి. అది అయ్యేదాకా కిటికీ తెరుచుకుని వండుకున్నా నష్టం లేదు. సొంత ఇల్లయితే ఎర్త్ గుంత సంగతీ చూసుకోండి. పెద్దవాళ్లు ఎండాకాలంలో అందులో నీళ్లు పోసేవారు. మట్టి ఎండిపోతే కరెంటుకి దారి సరిగ్గా దొరకదు. ఆ బిందెడు నీళ్లు చాదస్తం కాదు.

వాడేటప్పుడు

ఫిల్టర్లు కడిగే రోజున బటన్ ఆపితే సరిపోదు. ప్లగ్గే తీసేయండి, తీయలేకపోతే ఎంసీబీ దించండి. కడిగిన ఫిల్టర్లు పూర్తిగా ఆరాకే బిగించండి. జివ్వుమన్నా, చిరచిరలాడినా అది హెచ్చరికే. చిమ్నీని మళ్లీ తాకకుండా ఎంసీబీ దించి, ఎలక్ట్రీషియన్ని పిలవండి.

ఇంకొక్క మాట. గ్యాస్ వాసన వస్తే చిమ్నీ వేసి లాగించేద్దామని తోస్తుంది. ఆ పని ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. స్విచ్ వేసినా, ఆపినా చిన్న నిప్పురవ్వ పుడుతుంది. పైగా వంటగ్యాస్ గాలికన్నా బరువు, నేల మీదే పరుచుకుంటుంది. పైనున్న చిమ్నీకి అందదు. రెగ్యులేటర్ ఆపండి, తలుపులూ కిటికీలూ తెరవండి, బయటికొచ్చి 1906కి ఫోన్ చేయండి.

మా అక్క వంటింట్లో ఇప్పుడు చిమ్నీకి వేరే సాకెట్టు, దానికి ఎర్త్, మెయిన్ దగ్గర ఆర్‌సీసీబీ ఉన్నాయి. వేలు పోసి కొన్న చిమ్నీకి ఆ మూడో తీగ ఖర్చు ఒక ఖర్చే కాదు. ఈసారి ఎవరైనా ‘ఇది లేకపోయినా నడుస్తుందమ్మా’ అంటే, ‘నడవడం ఒక్కటే చాలదు బాబూ, తాకినా ఏం కాకూడదు’ అని చెప్పండి. వండేది మీరు. దాన్ని రోజూ తాకేదీ మీరే.