బెంచీ మీద చోటు

మేం నలుగురం స్నేహితురాళ్లం ఈమధ్య హైదరాబాదు ఫలక్‌నుమాకు సాయంత్రం టీ తాగడానికి వెళ్లాం. నలుగురం నంద్యాలలో పాఠాలు చెప్పుకునేవాళ్లమే. దాదాపు 300 కిలోమీటర్లు ప్రయాణం చేసి, ఒక కప్పు టీకీ నాలుగు తినుబండారాలకీ ఇంట్లో నెలకయ్యే పాల ఖర్చును మించి పెట్టాం. ఆ రెండు గంటలూ మమ్మల్ని ఎవరూ ‘ఇక్కడెందుకు కూర్చున్నారు’ అని అడగలేదు. ఆ సుఖం నిజం. దాన్ని నేను కాదనను.

భవనం అందమూ నిజమే. పాలరాతి మెట్లు, 101 మంది ఒకేసారి కూర్చోగల భోజనాల బల్ల. పునాది వేసింది 1884లో. కట్టించింది పైగా వంశీయుడు వికార్ ఉల్ ఉమ్రా, గీసింది విలియం వార్డ్ మారెట్, తర్వాత సొంతం చేసుకుంది ఆరవ నిజాం. 2010లో అది హోటలైంది. నేను చదివిన వివరాల్లో పేర్లన్నీ దాదాపు మగవాళ్లవే. స్త్రీలకు మాత్రం ఒక పేరు కాదు, ఒక భాగం దక్కింది: జనానా.

తిరిగొచ్చాక ఒక మిత్రురాలు, ‘స్త్రీల తీరిక మీద వ్యాసం రాయరాదూ’ అంది. రాయబోయాను. ఆళ్లగడ్డ అడ్డొచ్చింది.

ఆళ్లగడ్డ శిల్పాలకు పేరున్న ఊరు. అక్కడ ఒక షెడ్డులో నేను చూసిన దృశ్యం ఇది. ఉలి పట్టినతను శిల్పి. విగ్రహానికి నీళ్లు పోసి నునుపు తేల్చే ఆమె కూలి. అదే రాయి, అదే దుమ్ము, అదే ఊపిరితిత్తులు. అమ్మవారి బుగ్గకు ఆ మెరుపు ఎవరి చేతిదో పీఠం మీద రాయరు. పనయ్యాక టీ అంగడికి పోదాం రమ్మన్నాను. ఆమె నవ్వింది. ‘ఆడోళ్లం టీ అంగడికాడ కూచుంటే బాగుంటాదా మేడం? మీరు పొయ్యి తాగిరాండి.’

నేను మాత్రం కూర్చున్నానా? ఇరవై ఏళ్లుగా నంద్యాలలో ఉద్యోగం చేస్తున్నాను. బస్టాండు ముందర బెంచీ మీద ఒక్కదాన్నే కూర్చుని టీ తాగింది ఒక్కనాడూ లేదు. మాకు నది లేదా? కుందూ ఉంది. ఒడ్డున మగవాళ్లు కూర్చుంటారు. ఆడవాళ్లం బట్టలుతకాలి, లేదా వాకింగ్ పేరుతో నడుస్తూ ఉండాలి. ఊరికే ఆగకూడదు. ముంబైలో స్త్రీలు పనిలేకుండా తిరగడం గురించి ముగ్గురు రచయిత్రులు 2011లో ‘వై లాయిటర్’ రాశారు. నంద్యాలలో తిరగడం దాకా ఎందుకు, కూర్చోవడానికే దిక్కు లేదు.

కాబట్టి ఆ టీ ఖరీదులో మేం కొన్నది రుచినీ వాస్తునీ మాత్రమే కాదు. మా ఊళ్లో మగవాడికి పది రూపాయలకు దొరికే తీరికను మేం వేలు పోసి కొనుక్కున్నాం. డబ్బుతో కొన్న ఈ మినహాయింపును విముక్తి అని రాస్తే, ఆ షెడ్డులో ఆమెను మరోసారి పీఠం కింద పెట్టినట్టే. ఆ కప్పులోని ఆకు కోసిన చేతులు కూడా ఎక్కువగా ఆడవాళ్లవేనని మరవకూడదు.

‘అయితే వెళ్లొద్దంటావా?’ అంటారు. అనను. త్యాగం చెయ్యమని స్త్రీలకు చెప్పేవాళ్లు ఇప్పటికే చాలామంది ఉన్నారు. వెళ్దాం, అందం చూద్దాం. కానీ అక్కడి మెట్ల గురించి పది పేజీలు రాసే మనం ఊళ్లోని బెంచీ గురించి ఒక్క పేజీ ఎందుకు రాయలేదో కూడా అడుగుదాం.

నిజాం వదిలేసిన ‘దత్తమండలాలు’ ఆ పేరు వద్దనుకుని ‘రాయలసీమ’ అయింది 1928లో, నంద్యాలలో జరిగిన సభలోనే. ఎవరో ఇచ్చేస్తే పోయినవాళ్లమన్న పేరును తుడుచుకున్న ఊరిది. ఆ ఊళ్లో ఆడవాళ్లకు ఒక బెంచీ మీద చోటు అడగడం అత్యాశ కాదు.

వచ్చే ఆదివారం సాయంత్రం మేం నలుగురం బస్టాండు ముందర టీ తాగుతాం. కూర్చునే.