తలుపులలో ఒక బీరువాకు తలుపులు

ఈసారి వంటింట్లోంచి కాస్త బయటికొద్దాం. మా తలుపుల, కదిరి వైపు ఇళ్ళల్లో కారు షెడ్డు ఉన్నవాళ్ళు తక్కువ. వసారాలో ఓ మూల స్కూటరు, దాని పక్కన బల్ల, బల్ల కింద బోరు మోటారు సామాన్లు, స్పానర్లు, తుప్పు మేకులు, పైపు ముక్కలు, బుడ్డల విత్తనానికి పట్టించే మందు పొట్లాలు. మీ ఇంట్లోనూ అంతేనా? అయితే చదవండి.

మా వారు రంగులు కలిపే టర్పెంటైన్‌ను కూల్‌డ్రింకు సీసాలో పోసి ఆ బల్ల మీదే పెట్టారు. మా మనవరాలు మూత తీసి నోటి దాకా తీసుకుపోయింది. నేను పొయ్యి మీద చారు వదిలేసి పరుగెత్తబట్టి సరిపోయింది. ఆ రోజే అనుకున్నాను, ఆ మూలకు బీరువా వచ్చి తీరాలని!

బల్ల ఎత్తు 34 అంగుళాలుంటే చాలు. నిలబడి చేతులు వేలాడేస్తే మణికట్టు దగ్గరికి రావాలి. మా బల్ల కాళ్ళ మధ్య నాలుగడుగుల జాగా ఉంది. అందులోకి 25 అంగుళాల ఎత్తు, 20 అంగుళాల లోతు, సుమారు 43 అంగుళాల వెడల్పు పెట్టె చేయించాం. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ షీటు 8 అడుగులు, 4 అడుగులు ఉంటుంది కదా? దాన్ని పొడుగునా 20 అంగుళాల చొప్పున రెండు పట్టీలు కోయిస్తే, ఒకదాంట్లో రెండు పక్కలూ, మధ్య గోడా, ఒక అరా వస్తాయి. రెండోదాంట్లో పైదీ అడుగుదీ. ఒక పక్క అర వద్దనండి, డ్రిల్లు మిషనూ రంపమూ నిలువుగా పడతాయి. తలుపులకు ఇంకో సగం షీటు కావాలి. కొట్లో సగం ఇవ్వకపోతే పక్కింటావిడతో కలిసి కొనండి.

కొనేటప్పుడు రకం అడగండి. వసారాలో వాన జల్లు పడుతుంది, కాబట్టి ఐ.ఎస్. 710 ముద్ర ఉన్నది మేలు. ఐ.ఎస్. 303లో మామూలు ఎం.ఆర్. రకం గది లోపలికి పనికొస్తుంది గానీ తడికి పొరలు విడిపోతాయి. అంచులకు మేకులు కొట్టొద్దు, ఫెవికాల్ రాసి స్క్రూలు బిగించమనండి. వడ్రంగి "మేకులే గట్టివమ్మా" అంటాడు. వినకండి.

ఇక చెదలు. అవి మట్టిలోంచి గోడ వెంబడి గూడు కట్టుకుంటూ ఎక్కుతాయి. అందుకే మేము నాలుగు మూలలా కడప బండ ముక్కలు వేసి పెట్టెను నిలబెట్టాం, గోడకు రెండంగుళాలు ఎడం వదిలాం. చీపురు దూరుతుంది, చెదల బాట కనిపిస్తుంది.

మిగిలిన 8 అంగుళాల పట్టీ పారేయకండి. అసలు పని దాంతోనే! 18 అంగుళాల వెడల్పు, 15 అంగుళాల ఎత్తు చిన్న పెట్టె అవుతుంది. దీని తలుపూ వెనక చెక్కా ఆ సగం షీటు ముక్కల్లోంచే వస్తాయి. దాన్ని బల్ల పైన, మన తలెత్తున గోడకు కొట్టించి తాళం వేయించండి. పురుగుమందులు, టర్పెంటైన్, కిరోసిన్ అన్నీ అందులోకే. కింది బీరువాకు తాళమున్నా సరే, అక్కడొద్దు, పిల్లలకు అందుతుంది. దేని డబ్బాలో అది ఉండాలి, పేరు చినగకూడదు. తినే సీసాల్లోకి ఒంపడమే మొదటి తప్పు. మందు పట్టించిన విత్తనం మిగిలితే వంట బుడ్డల్లో కలవనివ్వొద్దు.

ఒకవేళ ఎవరైనా కిరోసినో టర్పెంటైనో మింగితే, ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించకండి. అది ఊపిరితిత్తుల్లోకి పోతే మరీ ప్రమాదం. 108కి ఫోన్ చేసి, ఆ సీసా వెంట తీసుకుని ఆసుపత్రికి వెళ్ళండి.

మా పై పెట్టె తాళంచెవి నా కొంగుకే ఉంది. "నా టర్పెంటైన్‌కి నిన్నడగాలా?" అని మా వారు రోజూ సణుగుతారు. అడుగుతున్నారు మరి.