సైకిలు ఎట్టిది కొనవలెను?

మన పేట బాలురు పలువురు ఈ మధ్య "హైబ్రిడ్" అను మాటను జపమువలె పలుకుచున్నారు. తొమ్మిదవ తరగతివాడు మొదలు పన్నెండవ తరగతివాని వరకు ఇంటివద్ద తలిదండ్రులను కోరునది ఇదియే. కోరుట తప్పని నేననను. పట్నపు తారు రోడ్డుపై తేలికగా పరుగెత్తుటకును, అప్పుడప్పుడు మట్టిదారిని, కంకరదారిని చెడిపోక దాటుటకును అనువైన సైకిలు ఒకటి కావలెనన్నచో అది హైబ్రిడ్డే. కాని ఆ పేరుతో అంగడిలో నిలిచియున్న బండ్లన్నియు ఒక్క తీరువి కావు. వానిలో మనకు పనికివచ్చునది ఏది, కన్నులకు మాత్రమే ఇంపైనది ఏది అను విషయమున నా అభిప్రాయమును ఇచట వ్రాయుచున్నాను. నచ్చనివారు రాబోవు సంచికలో ఖండింపవచ్చును.

పేరునకు తగినట్లే ఇది సంకరజాతి. 1970 దశాబ్దపు చివరి యేండ్లలో కాలిఫోర్నియా కొండలపై లావు టైర్ల కొండ సైకిళ్ళు పుట్టినవి. సన్నని టైర్లు, వంపు హ్యాండిలు గల పందెపు సైకిళ్ళు అంతకు చాల ముందే ఉన్నవి. 1980 తరువాత ఒకదానినుండి పెద్ద చక్రమును, తేలిక నడకను, రెండవదానినుండి తిన్నని హ్యాండిలును, వీపు వంచక కూర్చుండు సౌకర్యమును గ్రహించి ఈ మూడవదానిని కూర్చిరి. బండిని ఎన్నుకొనుటకు ముందు మన దారి యెట్టిదో తెలియవలెను గదా!

చింతాద్రిపేట 1734లో, గవర్నరు జార్జి మోర్టన్ పిట్టు కాలమున, సుంకురామ శెట్టి తోట ఉండిన చోట నేతగాండ్ర కొరకు కట్టించిన పేట. అరవమున "తరి" యనగా మగ్గము. "చిన్న తరి పేట"యే చింతాద్రిపేట యయ్యెనని పెద్దలు చెప్పుదురు. మగ్గములను, మనుష్యులను ఉద్దేశించి తీర్చిన వీధులలో నేడు ఆటోలు, చేపల తట్టలు, మోటారు విడిభాగముల మూటలు మోయు బండ్లు ఒకదానినొకటి ఒరసికొనుచు పోవుచున్నవి. ఉదయము ఎనిమిది గంటలకు అయ్యా ముదలి వీధిలో సైకిలు త్రొక్కినవానికి హ్యాండిలు వెడల్పు యొక్క విలువ బోధపడును. కొండ సైకిలు హ్యాండిలు సాధారణముగా 700 మిల్లీమీటర్లను దాటును. హైబ్రిడ్డుది 600 చుట్టుపట్ల ఉండును. ఆ నాలుగంగుళముల భేదమే మన వీధిలో ఎదుటివాని మోచేతికి తగులుటకును తగులకుండుటకును నడుమనున్న భేదము.

ఇక కరకు దారి సంగతి. దానికై కొండలకు పోనక్కరలేదు. మన పేట కూవము నది వంపులో నున్నది. ఎళుంబూరునకో, పుదుపేటకో పోవలెనన్న వంతెన ఎక్కవలెను. గొట్టముల కొరకు త్రవ్విన కందకములను కంకరతో పూడ్చి వదలిన తారు రోడ్డు మట్టిదారికన్న కఠినమైనది. ఈశాన్య ఋతుపవనము వచ్చు అక్టోబరు మొదలు డిసెంబరు వరకు నీరు నిలిచి, గుంట ఏదో నేల ఏదో కానరాదు. వేసవి సెలవులకు నగరి, పుత్తూరు, సత్యవేడు ప్రాంతముల పల్లెలలో బంధువుల యిండ్లకు పోవువారికి చెరువు గట్లు, పొలము దారులు ఉండనే యున్నవి.

ఇందుచే మొదట చూడవలసినది టైరు. హైబ్రిడ్డు టైర్లు 32 మొదలు 42 మిల్లీమీటర్ల వరకు వెడల్పు గలవి దొరకును. 32 గలది నున్నని రోడ్డుపై హాయిగా పోవునుగాని కందకపు అంచున ట్యూబు నలిగి పంక్చరగు భయము హెచ్చు. నా మతమున మనకు 38 తగినది. ఇచట ఒక వింత చెప్పెదను. మన తాతల నల్ల సైకిలు టైరుపై "28 × 1½" అని అచ్చువేసి యుండును. అంగుళమున్నర యనగా 38 మిల్లీమీటర్లే! క్రొత్తదని మురియుచున్న బండికిని, మూలనున్న పాత బండికిని టైరు వెడల్పు ఒక్కటే. కాని రిమ్ముల కొలత వేరు. హైబ్రిడ్డుది 622 మిల్లీమీటర్లు, నల్ల సైకిలుది 635. ఈ పదమూడు మిల్లీమీటర్ల తేడాచే ఒకదాని టైరు మరియొకదానికి కుదరదు. కావున కొనుటకు ముందు మీ వీధి మూల పంక్చరు వేయు నతని నడిగి, 700 కొలత టైరు అతనివద్ద దొరకునో లేదో తెలిసికొనుడు. బాగుచేయువాడు సమీపమున లేని బండి ఎంత గొప్పదైనను, చెడిన దినమున దానిని మనమే మోయవలసియుండును.

నేటి బాలురకు మిక్కిలి ప్రీతియైనది ముందు ఫోర్కులోని స్ప్రింగు. నిరుడు ఒక విద్యార్థి తండ్రి, కుమారుని వెంటబెట్టుకొని వచ్చి, "మాస్టరుగారూ, స్ప్రింగులున్న బండియైతే పిల్లవాని చేతులకు అదురు తగలదు గదా! రెండువేలు ఎక్కువైనను ఫరవాలేదు" అనెను. "అయ్యా, మంచి స్ప్రింగు ఫోర్కు వెల ఆ రెండువేలతో తీరదు. ఆ వెలకు వచ్చునది బరువు మాత్రమే" అంటిని. వాస్తవమిది. చౌక స్ప్రింగు ఫోర్కు రెండు కిలోలకు పైగా తూగును; స్ప్రింగు లేనిది ఒక కిలో చుట్టుపట్ల ఉండును. వంతెన ఎక్కునపుడు నిలువబడి త్రొక్కినచో మన బలములో కొంత ఆ స్ప్రింగు ఊగుటకే ఖర్చగును. పైగా మన ఊరి ఉప్పుగాలికి అది తుప్పుపట్టి బిగిసికొనిపోయినచో బరువు మిగులును, మెత్తదనము పోవును. 38 మిల్లీమీటర్ల టైరులో తగినంత గాలియున్న అదియే స్ప్రింగు. ఎంత గాలి కొట్టవలెనో టైరు ప్రక్కనే అచ్చువేసి యుందురు. తేలిక శరీరముగల బాలురు అందు క్రింది సంఖ్యకు దగ్గరగా ఉంచుకొనుట మేలు. తండ్రి తలయూపెను. కుమారుని ముఖము చిన్నబోయెను.

గేర్ల విషయమున ఎక్కువ చెప్పనక్కరలేదు. "ఇరువదియొక్క గేర్లు" అనగా ముందు మూడు పళ్ళచక్రములు, వెనుక ఏడు. అందు అనేకము ఒకదానికొకటి ఇంచుమించు సమానములే. సముద్రమట్టమునకు కొద్ది మీటర్ల ఎత్తుననే యున్న ఈ చదును పట్నమున ముందు ఒకటి, వెనుక ఏడు ఉన్న చాలును. మనకు కొండలు లేవుగాని సాయంకాలపు సముద్రపు గాలి ఉన్నది. మూడు నాలుగు గంటలవేళ చేపాకమువైపు త్రొక్కి చూడుడు, తేలిక గేరు ఏల కావలెనో తెలియును. అన్నట్లు మెరీనా ఇసుకలోనికి మాత్రము బండిని దింపకుడు. హైబ్రిడ్డు అచట నడువదు, చెయినులో ఇసుక చేరి పాడగును.

బ్రేకులు రెండు తీరులవి. రిమ్మును పట్టునవి చౌకవి, ఎవ్వరైనను సరిచేయగలరు. కాని రిమ్ము తడిసినపుడు మొదటి క్షణములలో జారును. ఇరుసు చెంత పళ్ళెమును పట్టు డిస్కు బ్రేకులకు గుంటల నీరు అంతగా అంటదు. వానకాలములో నిత్యము తిరుగువారు తీగతో లాగు డిస్కు బ్రేకులు గలది కొనుట మంచిది. నూనెతో పనిచేయునవి ఇంకను మెత్తనివేగాని వానిని విప్పి బాగుచేయగలవారు మన వీధులలో అరుదు.

నేను అన్నిటికన్న ముఖ్యమనుకొనునది ఫ్రేము కొలత. దీనిని అడుగువారు లేరు. రంగు నడుగుదురు, గేర్ల నడుగుదురు, కొలత నడుగరు. అడిగినను తలిదండ్రుల సమాధానము సిద్ధముగా నుండును: "పెరుగుచున్న పిల్లవాడు గదా, కొంచెము పెద్దదే కొందము." లాగును పొడవుగా కుట్టించి మడత పెట్టించుట నెరిగిన మన యిండ్ల పొదుపు ఇది. కాని లాగు మడతను ఏటేట విప్పవచ్చును. ఇనుపగొట్టమునకు మడత లేదు. పెద్ద ఫ్రేముపై కూర్చున్న బాలునికి కాలు నేలకందదు. అణ్ణా సాలైలో బస్సు హఠాత్తుగా ఆగినపుడు వాడు ఒక ప్రక్కకు ఒరిగి దిగవలెను. ఆ ప్రక్కనే మోటారు సైకిలు రావచ్చును. రెండువేల రూపాయల స్ప్రింగును గూర్చి గంటసేపు తర్కించువారు ఈ ప్రాణభయమును గూర్చి నిమిషమైనను తలపరు! బండిపై కాళ్ళు రెండు వైపుల వేసి నిలిచినపుడు పైగొట్టమునకును శరీరమునకును నడుమ రెండంగుళముల ఎడముండవలెను. సీటుపై కూర్చుండి పెడలును అట్టడుగునకు త్రొక్కి, దానిపై మడమ నుంచినచో కాలు తిన్నగా చాపబడవలెను. పెరుగుదలకు కావలసిన వీలు సీటు గొట్టమును పైకి లాగుటలో ఉన్నది. బాలికలు లంగాలతో, చుడీదారులతో ఎక్కవలెనన్న పైగొట్టము వాలుగా నున్న ఫ్రేము చూచుకొనవలెను. చెయినుకు కవచము తప్పనిసరి.

ఇక వెల. మంచి హైబ్రిడ్డు సాధారణ సైకిలుకు రెండు మూడింతలు పలుకును. అంతటితో తీరదు. మడ్గార్డులు, క్యారియరు, బెల్లు, దీపము, తాళము అనేక హైబ్రిడ్డులతో రావు. పుస్తకముల సంచితో పోవు విద్యార్థికి, బురదలో పోవు పేటవాసికి ఇవి లేక గడవదు. శిరస్త్రాణము వేరు. ఇవన్నియు కలిపి లెక్క చూచుకొనక కొనుట గుర్రమును కొని కళ్ళెమునకు అప్పుచేయుట వంటిది.

ఈ వెల పెట్టలేని యిండ్లు మన పాఠశాలలో ఎక్కువ. వారి పిల్లలను గూర్చియే నాకు చింత. ప్రభుత్వ, సహాయక పాఠశాలల పదునొకండవ తరగతివారికి ఈ రాష్ట్రమున ఉచితముగా సైకిళ్ళు ఇచ్చు పథకము 2001లో దళిత, గిరిజన బాలికలతో ఆరంభమై, తరువాత ఇతరులకును, బాలురకును విస్తరించెను. 1990 తరువాత పుదుక్కోట జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమముతోపాటు వేలకొలది గ్రామస్త్రీలు సైకిలు నేర్చి, తమ పనులకు తామే పోవుటకు అలవడిరి. వారెవ్వరికిని గేర్లు లేవు. సైకిళ్ళ పరిశ్రమ మన పట్నమునకు క్రొత్తదియు కాదు, అంబత్తూరులో టి.ఐ. సైకిల్సు 1949లో వెలసినది. ఇంత చరిత్రగల సాదా సైకిలును "సర్కారు బండి" అని ఎగతాళి చేయుట మన పాఠశాల గేటువద్ద నేను పలుమారు వింటిని. ఆ మాటకు సిగ్గుపడి, వచ్చిన బండిని ఇంట మూలబెట్టి, రెండు మైళ్ళు నడచి వచ్చు బాలురు కలరు. హైబ్రిడ్డు కొనలేకపోవుటకన్న ఈ సిగ్గు ఎక్కువ నష్టము చేయుచున్నదని నా దృఢమైన అభిప్రాయము.

ఆ బండినే మన దారులకు తగినట్లు మార్చుకొనుటకు స్వల్పమైన ఖర్చు చాలును. వెనుక ఫ్రీవీలుకు 18 పళ్ళున్నచో 20 పళ్ళది వేయించిన వంతెన ఎక్కుట తేలికయగును. అరిగిన బ్రేకు రబ్బర్లను వానలకు ముందే మార్పింపవలెను. సీటును కాలికొలతకు సరిచేయుట ఒక స్పానరు పని. ఇందుకై మన సైకిళ్ళ పాకలో గాలిని కొలుచు ముల్లుగల పంపు ఒకటి, స్పానర్లు నాలుగు, నూనెబుడ్డి ఒకటి ఉంచవలసినదిగా ప్రధానోపాధ్యాయులవారిని ఇందుమూలముగా ప్రార్థించుచున్నాను. శనివారపు సాయంకాలములందు వానిని వాడు విధమును నేర్పు భారము నేను వహింపగలను.