పసిపిల్లలకూ కీళ్ళవాతమా?

కీళ్ళవాతం వార్ధక్యంలో వచ్చే వ్యాధి అని మనలో పలువురి నమ్మకం. పసిబిడ్డ కాలు నొప్పి అంటే ఆటలో పడ్డాడంటాము. బడి ఎగ్గొట్టడానికి సాకు అంటాము. కాదంటే బోరునీటిపై నెపం వేస్తాము. పరీక్ష చేయించక ముందే పలికే ఈ మూడు మాటలూ బిడ్డకు కీడు చేయగలవని మా అభిప్రాయం.

పిల్లలలో ఈ వ్యాధి కొత్తది కాదు. లండను వైద్యుడు జార్జి ఫ్రెడరిక్ స్టిల్ 22 మంది పిల్లలను పరిశీలించి 1897లోనే దీనిని వివరించాడు. 16 ఏండ్ల లోపు బిడ్డకు, మరే కారణమూ కానరాక, కీలులో వాపు 6 వారాలకు పైగా నిలిస్తే వైద్యులు దానిని దీర్ఘకాలిక కీళ్ళవాతంగా గుర్తిస్తారు. శరీరాన్ని కాపాడవలసిన రక్షణశక్తే దారితప్పి కీళ్ళలోని పొరపై దాడి చేస్తుంది.

దీని ముఖ్యలక్షణం ఉదయపు బిగువు. వేకువ నమాజులో మోకాళ్ళు మడవలేని బాలుడు, బడిలో మొదటి గంటకు బాసింపట్టు వేయలేని బాలిక పొద్దెక్కేసరికి పరుగులు తీయవచ్చు. నొప్పి అని నోరు విప్పి చెప్పకపోవచ్చు కూడా. పామిడిలో బస్సెక్కి అనంతపురం ఆసుపత్రి చేరేలోగా ఆ బిగువు సడలిపోవచ్చు. కనుక ఉదయం చూసినదానిని వైద్యునికి చెప్పడం పెద్దల బాధ్యత. రక్తపరీక్షలో కీళ్ళవాతపు గుర్తు కనబడనంత మాత్రాన వ్యాధి లేదనుకోరాదు. పిల్లలలో అధికసంఖ్యాకులకు అది కనబడదు. కొందరిలో కన్ను ఎర్రబడకుండానే, నొప్పి లేకుండానే చూపు చెడుతుంది. అందుచేత నేత్రపరీక్ష తప్పనిసరి.

మన జిల్లాలో పలుచోట్ల నీటిలో ఫ్లోరైడు అధికమన్నది నిజమే. అది పండ్లపై మరకలు తెస్తుంది. ఏండ్ల తరబడి తాగితే ఎముకలను బిగిస్తుంది. కాని వాచి వేడెక్కిన మోకాలికి ఆ కారణం చాలదు. గొంతునొప్పి వచ్చిపోయిన తరువాత నొప్పి ఒక కీలు నుండి మరొక కీలుకు మారుతుంటే గుండెకు ముప్పు ఉండవచ్చు. ఈ భేదం తేల్చవలసినది వైద్యుడే, ఇరుగుపొరుగు కాదు.

సకాలంలో మెథోట్రెక్సేట్ వంటి మందులూ, తగిన వ్యాయామమూ లభిస్తే పలువురు పిల్లలు మళ్ళీ ఆడుకుంటారు. ఆలస్యమైతే కీలు దెబ్బతిని, కాళ్ళ పొడవులో తేడా వచ్చి, వైకల్యం మిగలవచ్చు.

మన విద్యార్థులలో పలువురు రేపటి ఉపాధ్యాయులు. నేడే ఇంట్లో తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ పెద్దలు. కుంటుతున్న బిడ్డను మొదట గమనించగలిగినవారు వారే. కళాశాల సంఘంవారు ఏటా ఒకనాడు పిల్లల వైద్యునిచే తెలుగులోనూ ఉర్దూలోనూ ఉపన్యాసం ఏర్పాటు చేయాలని కోరుతున్నాము. ఆరు వారాలన్నది వ్యాధికి పేరు పెట్టడానికి వైద్యులు పెట్టుకున్న గడువు మాత్రమే. బిడ్డను ఇంట్లో ఉంచి మనం ఎదురుచూడడానికి కాదు.