మనలో మనకు లెక్కలేమిటి?

కొన్నేళ్ల క్రితం ఒక జిల్లా కేంద్రంలోని మైనారిటీ కళాశాల ఆవరణలో పూర్వ విద్యార్థుల సమ్మేళనం జరిగింది. మేమూ అక్కడ చదివినవాళ్లమే కనుక వెళ్లాం. శాలువాలు కప్పారు, జ్ఞాపికలు ఇచ్చారు, పాత అధ్యాపకులను తలచుకొని కంటతడి పెట్టుకున్నారు. కార్యదర్శి నివేదిక చదవడం ముగించగానే విశ్రాంత ప్రధానోపాధ్యాయుడైన ఒక పెద్దాయన లేచి, గత మూడేళ్ల జమాఖర్చులు కూడా చదివి వినిపించమని మర్యాదగా అడిగారు. కార్యదర్శి నవ్వుతూ, "మనలో మనకు లెక్కలేమిటి, భాయ్‌సాబ్?" అన్నారు. సభ అంతా నవ్వింది, చప్పట్లు మోగాయి, ఆ వెంటనే భోజనాలకు పిలుపు వచ్చింది. మేమూ నవ్వాం. ఆ నవ్వుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాం.

తరువాత రెండేళ్లకు అధ్యక్షునికీ కార్యదర్శికీ పొసగలేదు. ఎవరికి వారు తామే అసలైన కార్యవర్గమని బ్యాంకుకు ఉత్తరాలు రాశారు. బ్యాంకు ఖాతాను నిలిపివేసింది. కార్యవర్గ సభ్యుల జాబితాను ఏళ్ల తరబడి రిజిస్ట్రారు కార్యాలయంలో దాఖలు చేయలేదు గనుక ఎవరు అసలో, ఎవరు నకిలీయో తేల్చే కాగితం ఏదీ దొరకలేదు. ఆ ఏడాది సంఘం సహాయం మీద ఆధారపడిన పిల్లల ఫీజులు చెల్లించలేకపోయాం. వారిలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న ఒక ఆటో డ్రైవరు కూతురు ఉంది. ఆమె పరీక్ష రాయలేదు. మరుసటి ఏడు ఆమెకు పెళ్లి చేశారు. మళ్లీ కళాశాలకు రాలేదు. నిధి లేక ఆమె చదువు ఆగలేదు. నిధి ఉండగానే ఆగింది.

ఈ ఉదంతం ఎవరినో నిందించడానికి చెప్పడం లేదు. లెక్క అడిగిన పెద్దమనిషి పక్కన నిలబడనివారిలో మేమూ ఉన్నాం. అయితే ఇరవై ఏళ్లు దాటిన ముస్లింలలో పట్టభద్రులు, డిప్లొమా పొందినవారు కలిసినా 4 శాతానికి లోపే ఉన్నారని 2006లో సచార్ కమిటీ దేశానికి చెప్పింది. అటువంటి సమాజంలో కళాశాల గడప దాటి బయటికి వచ్చిన ప్రతి వ్యక్తీ ఒక వనరు. అలాంటివారు కూడి ఏర్పరచుకున్న సంఘం ఏడాదికొక విందుతో సరిపెట్టుకుంటే ఆ నష్టం విందుకు రాలేని పిల్లలది.

పూర్వ విద్యార్థుల సంఘాలు మనకు కొత్తవి కావు. ఈ విషయంలో అలీగఢ్ చరిత్రను మించిన పాఠం లేదు. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1875లో పాఠశాలగా ఆరంభించి, 1877లో కళాశాలగా శంకుస్థాపన చేయించిన మహమ్మదన్ ఆంగ్లో ఓరియంటల్ కాలేజీలో 1890 ప్రాంతంలోనే సాహిబ్‌జాదా ఆఫ్తాబ్ అహ్మద్ ఖాన్ చొరవతో 'డ్యూటీ సొసైటీ' ఏర్పడింది. దానికే అంజుమన్-ఉల్-ఫర్జ్ అని పేరు. పేద విద్యార్థుల కోసం ఊరూరా తిరిగి చందాలు పోగుచేయడం దాని పని. పేరులోనే దానం లేదు, కర్తవ్యం ఉంది. చందా అడగడాన్ని అక్కడి యువకులు చిన్నతనంగా భావించలేదు. ఆ ఆఫ్తాబ్ అహ్మద్ ఖాన్ తరువాతి కాలంలో అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు.

అక్కడి ఓల్డ్ బాయ్స్ అసోసియేషన్ కూడా 19వ శతాబ్దం ముగిసేసరికే పుట్టింది. మౌలానా షౌకత్ అలీ దానికి కార్యదర్శిగా పనిచేశారు. ఆ తరం పూర్వ విద్యార్థులు చందాలిచ్చి ఊరుకోలేదు. సంస్థ నడిచే తీరులో తమకూ మాట ఉండాలన్నారు. ధర్మకర్తలతో, ఆంగ్లేయ అధ్యాపక వర్గంతో వాదించారు. 1920లో సహాయ నిరాకరణ పిలుపు వచ్చినప్పుడు అదే గడ్డ మీద అక్టోబర్ 29న జామియా మిల్లియా ఇస్లామియా ఆవిర్భవించింది. మౌలానా మహమ్మద్ అలీ దాని తొలి ఉపకులపతి. హైదరాబాదులో జన్మించి అలీగఢ్‌లో చదివిన జాకిర్ హుస్సేన్ 1926 నుండి ఆ సంస్థను కష్టకాలంలో నిలబెట్టారు. స్వాతంత్ర్యానంతరం తిరిగి అలీగఢ్‌కే ఉపకులపతిగా వెళ్లారు. చదువుకున్న సంస్థతో విభేదించడం, దానికే తిరిగి సేవ చేయడం ఒకదానికొకటి విరుద్ధం కావని ఆయన జీవితం చెబుతుంది.

అదే కళాశాలలో చదివిన షేక్ అబ్దుల్లా తన భార్య వహీద్ జహాన్ బేగంతో కలిసి 1906లో బాలికల పాఠశాల తెరిచారు. నేటి అలీగఢ్ మహిళా కళాశాలకు అదే మూలం. పూర్వ విద్యార్థి రుణం తీర్చుకునే మార్గం తాను కూర్చున్న బెంచీకి రంగు వేయించడం ఒక్కటే కాదు, ఆ బెంచీ మీద కూర్చునే అవకాశం దక్కనివారికి కొత్త బెంచీ వేయించడం కూడా.

మన ప్రాంతానికి వద్దాం. కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ 1947లో ఉస్మానియా కళాశాలను స్థాపించారు. రాయలసీమలో ఎన్నో ముస్లిం కుటుంబాలలో తొలి పట్టభద్రులను తయారుచేసింది అటువంటి సంస్థలే. నేడు ఉభయ తెలుగు రాష్ట్రాలలో మైనారిటీ కళాశాలలు అనేకం ఉన్నాయి, వాటికి పూర్వ విద్యార్థుల సంఘాలూ ఉన్నాయి. కాని వాటిలో కొన్ని న్యాక్ బృందం వచ్చే ముందు పుట్టి, బృందం వెళ్లగానే నిద్రపోతాయి. న్యాక్ మూల్యాంకనంలో పూర్వ విద్యార్థుల భాగస్వామ్యం ఒక అంశం కావడంతో ఫైలు కోసం సంఘం పుడుతోంది. మేము ఉద్యోగ జీవితమంతా ఫైళ్ల మధ్యనే గడిపాం. ఫైలు కోసం పుట్టినది ఫైలులోనే సమాధి అవుతుందని మాకు బాగా తెలుసు.

మరి సంఘం ఎలా నడవాలి? చట్టం దారి చూపే ఉంది. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం రెండు రాష్ట్రాలలోనూ అమలులో ఉంది. తెలంగాణ ప్రాంతంలో అంతకుముందు 1350 ఫస్లీ చట్టం ఉండేది. పాత సంఘాల రిజిస్ట్రేషన్ కాగితాలలో ఆ పేరు ఇప్పటికీ కనిపిస్తుంది. ఏడుగురు కలిస్తే సంఘం నమోదు చేసుకోవచ్చు. నమోదు సులువే, నిలుపుకోవడమే కష్టం. ఏటా సర్వసభ్య సమావేశం జరపాలి. అది ముగిసిన పదిహేను రోజులలోగా కార్యవర్గ జాబితాను రిజిస్ట్రారుకు దాఖలు చేయాలి. జమాఖర్చులు ఆడిట్ చేయించాలి. సభ్యుల మధ్య వివాదం వస్తే మధ్యవర్తిత్వానికో, జిల్లా కోర్టుకో వెళ్లవచ్చు. సంఘం రద్దయినా ఆస్తిని సభ్యులు పంచుకోవడానికి వీలులేదు. మా కళాశాల సంఘం ఆ ఒక్క జాబితాను ఏటా దాఖలు చేసి ఉంటే ఆ అమ్మాయి పరీక్ష రాసి ఉండేదని మా నమ్మకం.

"మనది ఖిద్మత్, దీనికి ఇన్ని నిబంధనలెందుకు?" అనేవారున్నారు. అప్పు ఇచ్చిపుచ్చుకునే వేళ రాసుకొమ్మని, సాక్షులను పెట్టుకొమ్మని సూరా బఖర 282వ ఆయత్ విశ్వాసులకే ఆదేశిస్తుంది. అపరిచితులతో వ్యవహారానికే అని మినహాయింపు ఇవ్వలేదు. విశ్వాసుల వ్యవహారాలు పరస్పర సంప్రదింపులతో సాగుతాయని చెప్పే ఆయత్ ఉన్న సూరాకు 'షూరా' అనే పేరే వచ్చింది. కనుక సర్వసభ్య సమావేశాన్ని, రసీదు పుస్తకాన్ని ప్రభుత్వం మన మీద రుద్దిన బరువుగా చూడనక్కరలేదు. పరాయి డబ్బు మన చేతిలో ఉన్నంతసేపూ అది అమానత్.

ఇంకొక అభ్యంతరం బరువైనది. మైనారిటీ సంస్థల మీద ఇప్పటికే అనేక కళ్లు ఉన్నాయి, మన లోపాలు మనమే బయట పెట్టుకుంటే శత్రువుకు ఆయుధం ఇచ్చినట్లు కాదా అని మిత్రులు అడుగుతారు. ఆ భయం అకారణం కాదు. కాని రాజ్యాంగం 30వ అధికరణం మనకు ఇచ్చింది విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకునే హక్కు. ఆ హక్కులో అవకతవకగా నిర్వహించే హక్కు లేదని కేరళ విద్యా బిల్లు వ్యవహారంలో 1958లోనే సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. లోపాన్ని మనం ముందుగా సరిదిద్దుకుంటే బయటివారికి జోక్యం చేసుకునే సాకు తగ్గుతుంది. దాచిపెడితే పెరుగుతుంది.

2024 నవంబర్ 8న అలీగఢ్ విషయంలో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 4:3 మెజారిటీతో ఇచ్చిన తీర్పును కూడా మన సంఘాలు ఈ దృష్టితో చదవాలి. 1967 నాటి అజీజ్ బాషా తీర్పును తోసిపుచ్చుతూ, ఒక సంస్థ మైనారిటీ సంస్థ అవునో కాదో తేల్చడానికి ఆ ఆలోచన ఎవరిది, నిధులు ఎవరు సమకూర్చారు, స్థలం, అనుమతుల కోసం ఎవరు పాటుపడ్డారు వంటి విషయాలు చూడాలని కోర్టు చెప్పింది. అంటే పాత రసీదు పుస్తకాలు, తీర్మానాల రిజిస్టర్లు, చందాదారుల జాబితాలు, ఉత్తరాలు సాక్ష్యాలు. చెదపురుగులు తింటున్న ఆ కాగితాలను ఏరి, వివరాలు నమోదు చేసి, స్కాన్ చేయించి భద్రపరచడం పూర్వ విద్యార్థుల సంఘం తప్ప మరెవరు చేస్తారు? ఒక మైనారిటీ సంస్థకు ఇంతకు మించిన రక్షణ విధి మాకు తోచడం లేదు.

విదేశాలలోని మనవారి సహాయం గురించి కొంత చెప్పాలి. గల్ఫ్ దేశాలలో పనిచేస్తూ భారత పౌరులుగానే ఉన్నవారు తమ స్వంత సంపాదన నుండి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందకు రాదు. అమెరికాలోనో, బ్రిటన్‌లోనో పౌరసత్వం తీసుకున్నవారు పంపేది మాత్రం వస్తుంది. అది తీసుకోవాలంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదో, ముందస్తు అనుమతో ఉండాలి. 2020 సవరణ తరువాత ఆ సొమ్ము ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖ ఖాతాలోనే ముందుగా జమ కావాలి, దానిని మరో సంస్థకు బదలాయించడానికి వీలులేదు, పరిపాలనా ఖర్చులు 20 శాతం మించరాదు. ఈ తేడా తెలియక ప్రేమతో పంపిన డబ్బు సంఘానికి చిక్కు తెచ్చిపెట్టవచ్చు. పంపేవారి పౌరసత్వం అడగడం అవమానం కాదని మన కోశాధికారులు తెలుసుకోవాలి.

ఇక సంఘాలు పాటించదగిన కొన్ని నియమాలను సూచిస్తాం. ఎవరూ ఒకే పదవిలో వరుసగా రెండు పర్యాయాలకు మించి ఉండరాదు. కళాశాల యాజమాన్య సభ్యులు సంఘంలో పదవులు చేపట్టరాదు. చేపడితే ఇచ్చేవారూ పుచ్చుకునేవారూ ఒక్కరే అవుతారు, ప్రశ్నించేవారు మిగలరు. జకాత్ సొమ్మును వేరే ఖాతాలో ఉంచి, ఉలమాను సంప్రదించి, అర్హులైన పేద విద్యార్థులకే చేర్చాలి. సమ్మేళన భోజనాల ఖర్చు వేరుగా వసూలు చేసుకోవాలి, విద్యార్థి నిధిని ముట్టరాదు. ఫీజు సహాయాన్ని ఆ విద్యార్థి పేరనే కళాశాలకు చెల్లించి రసీదు తీసుకోవాలి. పరీక్ష ఫీజు గడువులు ఎవరి తగాదా కోసమూ ఆగవు కనుక, ముగ్గురు సభ్యుల ఉపసంఘం వారం రోజులలో దరఖాస్తు తేల్చాలని, సంతకం చేసేవారిలో ఒకరు లేకున్నా మరొకరు చేయవచ్చని నియమావళిలోనే రాసుకోవాలి. సహాయం పొందినవారి ఫోటోలు వేదిక మీద, వాట్సాప్‌లో పంచుకోవడం మానాలి. అక్కడి తల్లిదండ్రులకూ గౌరవం ఉంటుంది.

కార్యవర్గంలో మహిళలు లేకపోవడం మరొక లోపం. మన కళాశాలల్లో చదివిన అమ్మాయిలు ఉపాధ్యాయులుగా, నర్సులుగా, ఉద్యోగులుగా ఊరూరా ఉన్నారు. పెళ్లి తరువాత ఇంటిపేరు, చిరునామా, ఫోను నెంబరు మారి సభ్యత్వ జాబితాల నుండి జారిపోయారు. వారిని వెదికి తీసుకురావాలి, కనీసం మూడో వంతు స్థానాలు ఇవ్వాలి. హాస్టలులో ఉండే అమ్మాయి తన కష్టాన్ని ఏ ఆపాతో చెప్పుకోగలదో ఆ ఆపా కార్యవర్గంలో ఉండాలి.

అక్టోబర్ 17న సర్ సయ్యద్ జన్మదినం వస్తుంది. చాలాచోట్ల విందులు జరుగుతాయి. జరగనివ్వండి, కలిసి భోంచేయడం మంచిదే. అయితే వెళ్లే ముందు మీ మీ సంఘాలకు ఒక చిన్న ఉత్తరం రాయండి. గత సర్వసభ్య సమావేశం ఎప్పుడు జరిగింది? చివరిసారి కార్యవర్గ జాబితా ఎప్పుడు దాఖలైంది? గత ఏడాది ఎందరు పిల్లలకు ఎంత చెల్లించారు? ఈ మూడే అడగండి. జవాబు వస్తే కార్యవర్గానికి కృతజ్ఞతలు చెప్పి, మీ చందా పెంచండి. జవాబు రాకపోతే సమావేశంలో లేచి నిలబడి అడగండి. ఎవరైనా ముందే లేచి అడుగుతుంటే, ఈసారి నవ్వకుండా వారి పక్కన నిలబడండి. మేమూ నిలబడతాం, ఇన్షా అల్లాహ్.